పొడగరులకు కారు ఎంపిక – 3వ పాఠం: షోరూమ్‌లో అరగంట

పోయిన పాఠంలో గోడకు ఆనుకుని కూర్చుని రెండు కొలతలు తీసుకోమన్నాను. ఒకటి, కూర్చున్న చోటి నుంచి నడినెత్తి దాకా. రెండోది, తుంటి వెనక నుంచి మోకాలి చిప్ప దాకా. ఆ కాగితం జేబులో పెట్టుకోండి, ఈ వారం షోరూమ్‌కి వెళ్తున్నాం.

ఆ రెండు కొలతలు విడివిడిగా ఎందుకంటే, నాది 6 అడుగుల 2 అంగుళాలు. మా బావమరిదీ సరిగ్గా అంతే. నిలబడితే తలలు సమానం. పక్కపక్కన కూర్చుంటే మాత్రం వాడు నాకంటే రెండంగుళాలు పైకి కనపడతాడు. వాడికి మొండెం పొడుగు, నాకు కాళ్ళు పొడుగు. కారెక్కితే వాడి నెత్తి కప్పుకి తగులుతుంది, నా మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కుంటాయి. అందుకే "ఆరడుగులవాళ్ళకి ఏ కారు మంచిది?" అని ఎవరైనా అడిగితే, ముందు మీ ఒంట్లో పొడుగు ఎక్కడుందో చెప్పమంటాను.

నా మొదటి కారు ఇవేవీ చూడకుండా కొన్నాను. పది నిమిషాలు కూర్చున్నాను, రంగు బాగుంది, సంతకం పెట్టేశాను. డెలివరీ అయిన వారానికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాం. సూర్యాపేట వచ్చేసరికి కుడి మోకాలు తలుపుకి రాసుకుని రాసుకుని కందిపోయింది. టీకి ఆగి దిగితే కాలు చాపడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆ కారునే ఆరేళ్ళు నడిపాను. మీకు ఆ బాధ రాకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

బ్రోచర్ గురించి ఒక్క మాట. అందులో పొడవు, వెడల్పు, ఎత్తు, వీల్‌బేస్ (ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం) ఉంటాయి. మన దగ్గర 4 మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తక్కువ కాబట్టి కంపెనీలు ఆ పొడవు దాటకుండా చూసుకుంటాయి. పొడవు పెంచలేనప్పుడు కొన్ని మోడళ్ళలో ఎత్తు పెంచారు. వ్యాగన్ ఆర్ పొడవు 3,655 మిల్లీమీటర్లు, ఎత్తు 1,675. 2024లో వచ్చిన స్విఫ్ట్ పొడవు 3,860, ఎత్తు 1,520. అంటే పొట్టి కారు కప్పే ఆరంగుళాలు పైన ఉంది. పెద్ద కారైతేనే మనం పడతామన్నది తప్పు. అలాగని ఎత్తు అంకె ఒక్కటే నమ్మినా మోసపోతాం. నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ కూడా ఆ ఎత్తులోనే కలిసి ఉంటుంది. ఎస్‌యూవీలు చాలావరకు అలా పొడుగ్గా కనపడేవే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు బ్రోచర్‌లోనే హెడ్‌రూమ్, అంటే సీటు నుంచి కప్పు దాకా ఉన్న చోటు, అంకె దొరుకుతుంది. దాన్ని తుంటి బిందువు (సీట్లో కూర్చున్న మనిషి తుంటి కీలు ఉండే చోటు) నుంచి 8 డిగ్రీలు వెనక్కి వాల్చిన గీత వెంట కప్పు దాకా కొలిచి, దానికి 102 మిల్లీమీటర్లు కలుపుతారు. మీరు గోడ దగ్గర తీసుకున్న కొలతతో అది సరిపోలదు. రెండు కార్లను పోల్చడానికి మాత్రం వాడుకోండి.

ఇక షోరూమ్. రోజూ నడిపేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకెళ్ళండి. సేల్స్ కుర్రాడు తలుపు తీసి "కూర్చోండి సార్" అనగానే తనే సీటు వెనక్కి లాగి చూపిస్తాడు. "బాబూ, ఒక అరగంట నన్ను వదిలెయ్" అని మర్యాదగా చెప్పండి. సర్దుకోవడం మీ చేత్తోనే జరగాలి, అదీ ఒక వరసలో. వరస తప్పితే కొలతలన్నీ తప్పుతాయి.

ముందు కాళ్ళు. నడుం సీటు వీపుకి పూర్తిగా ఆనించి, ఎడమ కాలితో క్లచ్‌ని అడుగు దాకా తొక్కండి. ఆటోమేటిక్ అయితే కుడికాలితో బ్రేక్. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. సీటు ఎన్నో గాడిలో ఆగిందో చూడండి. ఆఖరి గాడికి వెళ్ళినా మోకాలు బాగా మడిచే ఉందంటే ఆ కారు దిగిపోండి, మిగతావి చూడక్కర్లేదు.

తర్వాత ఎత్తు. సీటు ఎత్తు మార్చే మీట ఉంటే పూర్తిగా కిందికి దించండి. చాలా కార్ల బేస్ వేరియంట్లలో (అన్నిటికంటే తక్కువ ధర రకాల్లో) ఆ మీటే ఉండదు, కాబట్టి మీరు కొనబోయే వేరియంట్‌లోనే కూర్చోవాలి. నిటారుగా కూర్చుని నెత్తికీ కప్పుకీ మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టండి. బెత్తెడు ఖాళీ ఉంటే మంచిది. రెండు వేళ్ళే పడితే మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల మీద నెత్తి తగులుతుంది. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌లో దాని చట్రం కప్పుని కిందికి తెస్తుంది. సన్‌రూఫ్ లేని అదే కారులో కూర్చుని తేడా మీరే చూడండి. మా బావమరిది మనసు పడ్డ కారుని సన్‌రూఫ్ లేకుండా తీసుకున్నాడు. "బావా, ఆకాశం తర్వాత చూడొచ్చు, ముందు తల పట్టాలి" అన్నాడు.

తల తగులుతోందని సీటు వీపు వెనక్కి వాల్చేవాళ్ళు చాలామంది. దయచేసి అలా చెయ్యకండి. వాలినకొద్దీ చేతులు స్టీరింగ్‌కి దూరమవుతాయి, బెల్టు ఛాతీని వదులుతుంది.

ఇప్పుడు స్టీరింగ్. కాళ్ళు పొడుగైనవాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే. సీటు వెనక్కి జరిపాం కదా, స్టీరింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేది టిల్ట్, ముందుకీ వెనక్కీ కదిలేది టెలిస్కోపిక్. మనకు రెండోది చాలా అవసరం. స్టీరింగ్ మన వైపు రాకపోతే రెండు దారులే మిగులుతాయి: చేతులు చాచి నడపడం, లేదా సీటు ముందుకి జరిపి మోకాళ్ళు నలిపేసుకోవడం. పరీక్ష సులువు. భుజాలు సీటు వీపుని వదలకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి. ఛాతీకీ స్టీరింగ్ మధ్య భాగానికీ ఎడం 25 సెంటీమీటర్లకు, అంటే జానెడు పైన, తగ్గకూడదు. స్టీరింగ్ లోపల, గుద్దుకున్నప్పుడు ఒక్కసారిగా ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కుడికాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేక్ మీదకి నాలుగైదు సార్లు మార్చి చూడండి, మోకాలు స్టీరింగ్ కింద తగలకూడదు.

మోకాళ్ళ పక్కలు కూడా చూడాలి. ఎడమ మోకాలికి గేర్ దగ్గరి గట్టు, కుడి మోకాలికి తలుపు. అక్కడ గట్టి ప్లాస్టిక్ అంచు ఉందేమో వేలితో తడమండి. నా మోకాలు కందింది అలాంటి అంచుకే. సీటు ముందు అంచు తొడల కింద ఎంతదాకా వచ్చిందో చూడండి. మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ ఖాళీ చాలు. జానెడు ఖాళీ ఉంటే గంటలో తొడలు లాగేస్తాయి. అడుగున బ్యాటరీ పెట్టిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో పాదాలు పెట్టే చోటు పైకి వచ్చి మోకాళ్ళు లేచిపోతాయి, తొడలకి ఆసరా పోతుంది. అక్కడ ఇంకాస్త ఓపిగ్గా కూర్చోండి.

చివరిగా చూపు. కప్పు అంచు మీ కళ్ళకి దగ్గరగా ఉంటే, సిగ్నల్ దగ్గర ముందు వరసలో ఆగినప్పుడు ఎర్రలైటు కనపడదు, మెడ వంచి చూడాలి. లోపలి అద్దం ఎడమవైపు రోడ్డుని మూసేస్తోందేమో గమనించండి. హెడ్‌రెస్ట్ పూర్తిగా పైకి లాగితే దాని పై అంచు మీ నడినెత్తికి సమానంగా రావాలి, మెడ దగ్గరే ఆగిపోతే వెనక నుంచి గుద్దుకున్నప్పుడు ప్రమాదం.

ఇవన్నీ కుదిరాక సీటు కదల్చకుండా దిగి, వెనక సీట్లో మీ వెనకే కూర్చోండి. అక్కడ మీ అమ్మగారో పిల్లలో కూర్చోవాలి కదా.

ఈ వారం అభ్యాసం: షోరూమ్‌కి వెళ్ళే ముందు అలవాటు కోసం ఇంట్లోదో స్నేహితుడిదో కారు తీసుకుని ఇదే వరసలో సర్దుకోండి. సీటు ఎన్నో గాడిలో ఆగింది, నెత్తి మీద ఎన్ని వేళ్ళు పట్టాయి, మణికట్టు ఎక్కడ ఆనింది, ఏ మోకాలు దేనికి తగిలింది అన్నవి రాసుకోండి. తర్వాత కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుని, ఒంట్లో మొదట ఎక్కడ నొప్పి పుట్టిందో కూడా రాయండి. వచ్చే పాఠంలో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళేటప్పుడు ఆ కాగితం కావాలి.