దడకు వాల్వు ఒక్కటే కారణమా? ఎకో రిపోర్టు చేతికొచ్చాక చేయాల్సినవి

ఎకో, అంటే గుండె స్కాన్, తీయడం నా పని. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, ఛాతీ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, గుండెలో ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు రెక్కలు రెండూ తెర మీద కనిపిస్తాయి. కొందరికి రెక్క మూసుకున్నాక కూడా ఆగదు, వెనక్కి పై గదిలోకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు 2 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే రిపోర్టులో మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అని వస్తుంది. "వాల్వు లూజైందంట" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళేవాళ్ళను చూసి చూసి ఇది రాస్తున్నాను.

ముందు లీకు, అంటే వాల్వు గుండా రక్తం వెనక్కి కారడం, ఎంతో చూడండి. లేకపోయినా, కొద్దిగా ఉన్నా, మామూలుగా 3 నుంచి 5 ఏళ్ళకోసారి ఎకో సరిపోతుంది. ఎక్కువుంటే ఎప్పుడు రావాలో డాక్టరు చెబుతారు, ఆ తేదీ దాటనివ్వకండి. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి వాల్వు దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు పెన్సిలిన్ ఇంజెక్షన్లు మానకూడదు.

ప్రొలాప్స్ వందలో ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 1999లో తేల్చింది. ఛాతీ నొప్పి, ఆయాసం వీళ్ళలో మిగతావాళ్ళకంటే ఎక్కువేమీ లేవని కూడా అదే చెప్పింది. అందుకే దడ వస్తే నింద మొత్తం వాల్వు మీద వేయకండి, మిగతా కారణాలూ వెతకండి.

మొదట థైరాయిడ్. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించండి. ఆకలి బాగానే ఉండి బరువు తగ్గుతున్నా, చేతులు వణుకుతున్నా, ఉక్క అస్సలు భరించలేకపోతున్నా తప్పక చేయించాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకు డోసు ఎక్కువైనా దడే వస్తుంది. నెలసరికి ముందు రోజుల్లో, నెలసరి ఆగిపోయే వయసులో దడ పెరిగేవాళ్ళు చాలామంది. పక్కింటావిడ ముందు చెప్పుకునే ఆ మాట డాక్టరుకూ చెప్పండి.

తర్వాత రక్తం. హిమోగ్లోబిన్, పొటాషియం, మెగ్నీషియం చూపించుకోండి. 1997లో పోలండ్ డాక్టర్లు బాధలు ఎక్కువున్న 141 మంది ప్రొలాప్స్ రోగులను పరీక్షిస్తే, 60 శాతం మందిలో మెగ్నీషియం తక్కువగా ఉంది. మెగ్నీషియం ఇచ్చాక చాలామందికి ఉపశమనం కలిగింది. చిన్న అధ్యయనమే, కానీ పట్టించుకోదగ్గది. గ్యాస్ మాత్రలని పాంటాప్రజోల్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళకూ, బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్ళకూ మెగ్నీషియం పడిపోవచ్చు. రాగులు, సజ్జలు, నువ్వులు, గుమ్మడి గింజలు, తోటకూర తినండి. మాత్రలు మాత్రం సొంతంగా కొనకండి. కిడ్నీ సరిగా లేనివాళ్ళకు మెగ్నీషియం, పొటాషియం రెండూ ప్రమాదమే. వాళ్ళు కొబ్బరినీళ్ళు కూడా అడిగే తాగాలి. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే మానండి, ఇనుము ఒంటికి పట్టదు.

ఇక మనసు. "ఊరికే టెన్షన్ పడతావు" అని ఇంట్లోవాళ్ళు అంటే నాకు కోపం వస్తుంది. దడ నిజమైనదే. భయపడితే అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అది చూసి మళ్ళీ భయం. దడ మొదలవగానే కూర్చోండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, నాడిని నిమిషం పాటు లెక్కపెట్టండి. మధ్యలో తప్పుతోందా, ఒకే లయలో ఉందా గమనించండి. తర్వాత ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. టైము, నాడి, అంతకుముందు తాగిన కాఫీ, రాత్రి నిద్ర, నెలసరి తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. మీరు మర్చిపోయేవి ఆ పేజీల్లో డాక్టరుకు దొరుకుతాయి. స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగే దడ ఉంటే ఒంటికి తగిలించుకునే హోల్టర్ మిషన్ గురించి అడగండి, 24 గంటల గుండె లయ అందులో నమోదవుతుంది. దడ తగ్గడానికి ప్రొప్రనలోల్ మాత్ర రాస్తే, ఉబ్బసం ఉన్న సంగతి ముందే చెప్పాలి. భయం వల్ల పనులు ఆగిపోతుంటే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడంలో సిగ్గేమీ లేదు.

స్పృహ తప్పినా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా, పాదాలు వాస్తున్నా, రోజుల తరబడి జ్వరం తగ్గకపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఈ వెతుకులాట పక్కన పెట్టి వెంటనే గుండె డాక్టరును కలవండి.