క్లచ్ పూర్తిగా విడవట్లేదా? ముందు పెడల్ పిన్ను చూడండి (నా అనుభవం)

నా 1972 ఎంజీబీలో (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) రివర్స్ వేస్తే గరగరమని పళ్ల చప్పుడు, క్లచ్ పెడల్ నేలకు ఆనబోతుంటే గానీ విడిచేది కాదు. స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) సీళ్లు, కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి పుట్టించేది), మూడుసార్లు బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీయడం), అన్నీ దండగే.

చివరికి మా ఆవిడను పెడల్ తొక్కమని, నేను కారు కింద దూరి (స్టాండ్ల మీద పెట్టాకే సుమా) స్లేవ్ పుష్‌రాడ్ (సిలిండర్ నెట్టే కడ్డీ) ఎంత కదులుతోందో స్కేలుతో కొలిచాను. సుమారు అర అంగుళం, అంటే 12-13 మి.మీ. రావాలి, నాకు 9 వచ్చింది. లీకు లేదు, గాలి లేదు, మరి మిగతాది ఎక్కడ పోతోంది? బానెట్ ఎత్తి పెడల్ బాక్స్ మూత విప్పి, పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కితే, అది కాస్త దిగాక గానీ మాస్టర్ పుష్‌రాడ్ కదలట్లేదు! ఆ రెంటినీ కలిపే పిన్ను సగం అరిగింది, పెడల్‌లో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగింది. రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్పించి, 5/16 అంగుళానికి మళ్లీ డ్రిల్ చేయించి, కొత్త పిన్ను వేశాను. ఇప్పుడు స్లేవ్ దగ్గర 13 మి.మీ. వస్తోంది.

అందరిదీ ఇదే అని అనలేను. పెడల్‌ను వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే గేరు పడుతుంటే గాలి చేరి ఉండొచ్చు. తొక్కి పట్టినప్పుడు పెడల్ మెల్లగా దిగిపోతుంటే సీళ్లే.