ఎంచుకున్న కణాల్లోకే జన్యువును చేర్చడం: ప్రయోగ రూపకల్పనకు ఒక మార్గదర్శిని

మెదడులోని ఏ చిన్న భాగాన్ని తీసుకున్నా న్యూరాన్లు (నాడీకణాలు), వాటికి తోడ్పడే ఆస్ట్రోసైట్లు, మెదడు రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా, రక్తనాళాల గోడ కణాలు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. కాబట్టి వీటిలో ఒక్క రకానికే జన్యువును అందించాలంటే సూదిని సరైన చోట గుచ్చడం ఒక్కటే చాలదు. వాహకం (జన్యువును మోసుకెళ్లే వైరస్ లేదా నానోకణం) ఏ కణంలోకి ప్రవేశిస్తుంది, ప్రవేశించాక జన్యువు ఏ కణంలో పనిచేస్తుంది, ఏ కణంలో దాని ఆర్‌ఎన్‌ఏ నిలుస్తుంది అన్న మూడు దశల్లోనూ ఎంపికకు అవకాశం ఉంది. చాలామంది మొదటి దశ మీదే, అంటే కొత్త కొత్త క్యాప్సిడ్‌ల (వైరస్ ప్రోటీన్ తొడుగుల) మీదే దృష్టి పెడతారు. రెండో దశతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే జన్యువు ఏ కణంలో పనిచేయాలో నిర్ణయించే డీఎన్‌ఏ ముక్కను, అంటే ప్రమోటర్‌ను మార్చి చూడడం క్యాప్సిడ్‌ను మార్చడం కన్నా చాలా సులువు.

అన్నిటికన్నా ముందు జన్యువు పొడవును లెక్కగట్టాలి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఏఏవీ (అడెనో-అనుబంధ) వైరస్‌లో సుమారు 4.7 కిలోబేస్‌ల, అంటే 4,700 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవున్న డీఎన్‌ఏ మాత్రమే పడుతుంది. అందులో రెండు చివర్లలోని పునరావృత భాగాలకే 290 బేస్‌లు పోతాయి. న్యూరాన్లకు వాడే సినాప్సిన్ ప్రమోటర్‌కు సుమారు 470, ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ జన్యువుకు 720, వ్యక్తీకరణను పెంచే డబ్ల్యూపీఆర్‌ఈ భాగానికి 600, ఆర్‌ఎన్‌ఏ ముగింపును సూచించే పాలీఏ సంకేతానికి ఇంచుమించు 200 కలిపితే మొత్తం 2.3 కిలోబేస్‌ల దగ్గర ఆగుతుంది కనుక ఇంకా చోటు మిగులుతుంది. అదే జీఎఫ్‌పీకి బదులు డీఎన్‌ఏను కత్తిరించే కాస్9 ఎంజైము తాలూకు 4.1 కిలోబేస్‌ల జన్యువును పెడితే మంచి ప్రమోటర్‌కు చోటే ఉండదు. అటువంటప్పుడు సుమారు 8 కిలోబేస్‌లు మోయగల లెంటీవైరస్‌ను ఆలోచించవచ్చు. అయితే అది తన జన్యుపదార్థాన్ని కణపు క్రోమోజోములో కలిపేస్తుంది. విభజన చెందుతూ పోయే కణాలకు ఇది లాభమే, ఎందుకంటే ఏఏవీ డీఎన్‌ఏ చాలావరకు విడిగానే ఉండి విభజనతో పలుచబడిపోతుంది. కలిసే చోటు మన చేతిలో ఉండదన్నది దీనిలోని చిక్కు.

ఇక ప్రమోటర్ సంగతి. న్యూరాన్లకు సినాప్సిన్, ఆస్ట్రోసైట్లకు జీఎఫ్‌ఏపీ, కాలేయ కణాలకు ఆల్బుమిన్ ప్రమోటర్లను వాడడం పరిపాటి. కానీ ఈ ప్రమోటర్లు వైరస్‌లో పట్టేందుకు కుదించిన ముక్కలనీ, అసలు జన్యువు చుట్టూ ఉండే నియంత్రణ అంతా వీటితో రాదనీ గుర్తుంచుకోవాలి. ఎలుకల మెదడులో ఆస్ట్రోసైట్లు న్యూరాన్లుగా మారాయని ప్రకటించిన కొన్ని ఫలితాలను, ఆస్ట్రోసైట్లకు ముందుగానే శాశ్వత గుర్తు పెట్టే పద్ధతితో 2021లో తిరిగి పరీక్షించారు. మారాయనుకున్న న్యూరాన్లు మొదటి నుంచీ అక్కడే ఉన్న న్యూరాన్లనీ, జీఎఫ్‌ఏపీ ప్రమోటర్ వాటిలోనూ పనిచేసిందనీ అప్పుడు తేలింది. మోతాదు పెరిగేకొద్దీ ఇటువంటి లీకు, అంటే వద్దన్న కణాల్లోనూ జన్యువు పనిచేయడం, పెరుగుతుంది కాబట్టి, ఒకే మోతాదుతో చేసిన ప్రయోగం ఎంత అందంగా కనిపించినా నమ్మదగినది కాదు.

ప్రమోటర్ ఒక్కటే సరిపోని చోట క్రే పద్ధతి అక్కరకొస్తుంది. క్రే అన్నది లాక్స్ అనే చిన్న డీఎన్‌ఏ వరుసలను గుర్తించి వాటి మధ్య భాగాన్ని తిప్పగల ఎంజైము. కావలసిన కణాల్లో మాత్రమే క్రే ఎంజైము తయారయ్యే జన్యుమార్పిడి ఎలుకలను తీసుకుని, వైరస్‌లోని జన్యువును తలకిందులుగా అమర్చి, దాని ఇరువైపులా పరస్పరం కలవని రెండు రకాల లాక్స్ స్థానాలను పెడతారు. క్రే ఉన్న కణంలో జన్యువు సరైన దిశకు తిరిగి అక్కడే స్థిరపడుతుంది, లేని కణంలో మూగగా ఉండిపోతుంది. అయినా వైరస్ తయారీ దశలోనే కొన్ని ప్రతులు తిరగబడి ఉండవచ్చు కనుక, క్రే లేని ఎలుకలకు కూడా అదే వైరస్‌ను అదే మోతాదులో ఇచ్చి చూడడం తప్పనిసరి.

వద్దన్న చోట జన్యువును అణచడానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, అంటే తమ లక్ష్య వరుస ఉన్న ఆర్‌ఎన్‌ఏను అణచివేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలు, ఉపయోగపడతాయి. రక్తంలోకి ఎక్కించిన ఏఏవీలో పెద్ద భాగం కాలేయానికే చేరుతుంది. కాలేయ కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122 సమృద్ధిగా ఉంటుంది కాబట్టి, జన్యువు చివర దాని లక్ష్య వరుసను కొన్నిసార్లు చేరిస్తే అక్కడ తయారైన ఆర్‌ఎన్‌ఏ అక్కడే ధ్వంసమవుతుంది. నాలుగు ప్రతులకు కూడా దాదాపు 100 బేస్‌లే ఖర్చు. ఇంత చవకైన రక్షణను వదులుకోవడానికి కారణం కనిపించదు.

క్యాప్సిడ్‌ను ఎంచుకునేటప్పుడు అది ఏ జంతువులో, ఏ జాతిలో పరీక్షించినదో చూడాలి. 2016లో వెలువడిన పీహెచ్‌పీ.బీ అనే ఏఏవీ రూపం సీ57బీఎల్/6 జాతి ఎలుకల్లో రక్తం నుంచి మెదడులోకి అద్భుతంగా చేరింది. బాల్బ్/సీ ఎలుకల్లో మాత్రం ఆ సామర్థ్యం కనిపించలేదు. రక్తనాళాల గోడ మీది ఎల్‌వై6ఏ అనే ప్రోటీన్‌ను పట్టుకుని అది లోపలికి వెళ్తుందనీ, ఆ ప్రోటీన్ అందుకు తగిన రూపంలో అన్ని ఎలుకల్లో లేదనీ, మనుషుల్లో అసలే లేదనీ తరువాత తెలిసింది. వైరస్‌కు బదులుగా వాడే, కొవ్వు పదార్థాలతో చేసిన లిపిడ్ నానోకణాలకూ ఇటువంటి సహజమైన మొగ్గు ఉంది. రక్తంలో వాటికి అపోఈ ప్రోటీన్ అంటుకుంటుంది, దానిని గుర్తించే గ్రాహకాల ద్వారా అవి కాలేయ కణాల్లోకి చేరిపోతాయి.

ఫలితాన్ని కొలిచేటప్పుడు రెండు సంఖ్యలను విడివిడిగా చెప్పాలి. మెరిసిన కణాల్లో ఎన్ని లక్ష్య కణాలన్నది నిర్దిష్టత, లక్ష్య కణాల్లో ఎన్ని మెరిశాయన్నది సామర్థ్యం. మెరిసిన 100 కణాల్లో 95 లక్ష్య కణాలే అయినా, ఆ ప్రాంతంలో లక్ష్య కణాలు 1,000 ఉంటే సామర్థ్యం పది శాతానికి లోపే. కణజాలాన్ని పలుచటి ముక్కలుగా కోసి, న్యూరాన్లకు న్యూఎన్, ఆస్ట్రోసైట్లకు ఎస్100బీ వంటి గుర్తులను యాంటీబాడీలతో చూపించి, ఏ ముక్క ఏ మోతాదుదో తెలియని వ్యక్తి చేత లెక్కించాలి. ఏఏవీ ఇచ్చాక రెండు మూడు వారాలైనా ఆగాలి. మోతాదును ఒక్కో మెట్టుకు పదో వంతుగా తగ్గిస్తూ కనీసం మూడు మెట్లలో చూడాలి. మెదడుకే ఇచ్చిన వైరస్ అయినా కాలేయాన్ని కూడా పరీక్షించాలి. ఇదంతా సంస్థ జీవభద్రతా సంఘం, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతులు చేతికి వచ్చాకే మొదలుపెట్టాలని వేరే చెప్పనక్కరలేదు.