సైకియాట్రీ మందులు వాడుతుంటే థైరాయిడ్ రిపోర్టు తేడాగా వచ్చిందా?

మా చెల్లె క్వెటియాపిన్ (భ్రమలు, మూడ్ సమస్యలకు రాసే యాంటీసైకోటిక్ మందు) మొదలుపెట్టిన రెండో నెలలో మనిషి మత్తుమత్తుగా అయింది, బరువు పెరిగింది. హనుమకొండలో రక్తపరీక్ష చేయిస్తే టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువ అని వచ్చింది. "ఈ గోళీలే పాడుచేసినయ్, బంద్ చెయ్యండ్రి" అని చుట్టాలు అమ్మను ఒకటే పోరు పెట్టిండ్రు. అమ్మ వారం ఆపింది. ఆ వారం చెల్లె నిద్రపోలేదు, మేమూ పోలేదు. అందుకే ముందే చెప్తున్న: థైరాయిడ్ రిపోర్టు చూసి మనసుకు వాడే మందు మీకు మీరే ఆపొద్దు.

సమస్య 1: టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ నార్మల్

మా ఇంట్ల జరిగింది ఇదే. క్వెటియాపిన్ డోసు పెరిగేకొద్దీ రక్తంలో టీ4 తగ్గుతుంది, ఎక్కువ డోసులో దాదాపు 20 శాతం దాకా. ఆ తగ్గుదల మొదటి ఆరు వారాల్లోనే వచ్చి అక్కడ నిలబడుతుంది, మందు మానేస్తే మామూలుకు వస్తుంది. టీఎస్‌హెచ్ అంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే పిలుపు. హార్మోన్ నిజంగా చాలకపోతే చాలామందిలో ఆ పిలుపు పెరుగుతుంది.

పరిష్కారం: ఒక్క టీ4 అంకె చూసి థైరాయిడ్ గోళీ మొదలుపెట్టొద్దు. కొన్ని వారాల తర్వాత అదే ల్యాబ్‌లో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉండే టీ4) రెండూ కలిపి చేయించి సైకియాట్రిస్టుకు చూపించండి. టీఎస్‌హెచ్ నార్మల్ ఉండి ఫ్రీ టీ4 బాగా పడిపోతే మాత్రం పిట్యూటరీలోనే లోపం ఉండొచ్చు, అది డాక్టరే తేల్చాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, అది అంకెల్ని తప్పుగా చూపిస్తుంది.

సమస్య 2: టీఎస్‌హెచ్ పెరిగింది

ముందుగా చీటీలో లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) ఉందా చూడండి. అది యాంటీసైకోటిక్ కాదు, కానీ బైపోలార్ (మూడ్ ఒకసారి బాగా పైకి, ఒకసారి బాగా కిందికి పోయే జబ్బు) ఉన్నోళ్లకు చాలాసార్లు వాటితో కలిపే రాస్తరు. థైరాయిడ్ నుంచి హార్మోన్ బయటికి రాకుండా అడ్డుపడేది అదే, గొంతు దగ్గర వాపు కూడా రావచ్చు. లిథియం లేకపోతే, డోపమైన్ సంగతి ఉంది. మెదడులో ఉండే డోపమైన్ అనే రసాయనం టీఎస్‌హెచ్‌కు బ్రేకు లాంటిది, యాంటీసైకోటిక్ మందులు ఆ బ్రేకును వదులు చేస్తయ్ కాబట్టి టీఎస్‌హెచ్ కొంచెం పెరగొచ్చు. మందులతో సంబంధం లేని మామూలు థైరాయిడ్ జబ్బు కూడా కావచ్చు. శరీరమే థైరాయిడ్ మీద దాడి చేస్తుందా అని చూసే యాంటీ టీపీవో రక్తపరీక్ష దాన్ని పట్టిస్తుంది.

పరిష్కారం: కొంచెమే పెరిగితే మళ్లీ పరీక్ష. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ గోళీ) ఇస్తరు. పొద్దుగాల పరగడుపున, చాయ్‌కి కనీసం అరగంట ముందు, ఉత్త నీళ్లతో. ఐరన్, కాల్షియం గోళీలకు 4 గంటల ఎడం. 6 నుంచి 8 వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్. లిథియం వాడేవాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. థైరాయిడ్ తగ్గినా చాలామందికి లిథియం కొనసాగించే వీలుంటుంది.

సమస్య 3: నెలసరి ఆగింది, రొమ్ముల్లో పాలు వస్తున్నయ్

ఆడపిల్లలు సిగ్గుపడి దాచే సంగతి ఇది, అమ్మలే అడగాలి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ అనే యాంటీసైకోటిక్ మందులు ప్రొలాక్టిన్‌ను (పాలు తెప్పించే హార్మోన్) పెంచుతయ్. థైరాయిడ్ బాగా తగ్గినా అదే జరుగుతుంది. ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, గర్భ పరీక్ష మూడూ చేయించండి. కారణం మందే అయితే డాక్టరు డోసు గానీ మందు గానీ మారుస్తరు.

సమస్య 4: ఒక్క దగ్గర కూర్చోలేరు, చేతులు వణుకుతయ్

మందు మొదలైనప్పుడో డోసు పెంచినప్పుడో కాళ్లు నిలవకపోతే అది అకథిసియా (మందు వల్ల వచ్చే, కుదురుగా ఉండనివ్వని ఇబ్బంది) కావచ్చు. బరువు తగ్గడం, చెమటలు, గుండెదడ ఉండి టీఎస్‌హెచ్ బాగా తక్కువుంటే థైరాయిడ్ ఎక్కువైందని అనుమానించాలి. రెండింటి వైద్యం వేరు.

పరీక్షకు పోయేటప్పుడు మందుల చీటీ, పాత రిపోర్టులు ఒకే కవర్లో పెట్టుకోండి. రాత్రిపూట మనిషి అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతరు.