అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్క చూడాలంటే: దరఖాస్తు విధానం (ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి)

2024 ఎన్నికలయ్యాక సరిహద్దులోని ఒక జిల్లా కేంద్రంలో, కలెక్టరేట్ బయట టైపింగ్ దుకాణం దగ్గర ఒక పెద్దాయన కనిపించారు. తమ ఎమ్మెల్యే అభ్యర్థికి చందాలు ఎవరిచ్చారో తెలుసుకుందామని మూడుసార్లు తిరిగారట. చేతిలో ఉన్నది మాత్రం నామినేషన్ నాటి అఫిడవిట్ ప్రింటు. దానికి నాలుగు వందలు తీసుకున్నారు. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే కాగితం. పైగా అందులో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉంటాయి గానీ ప్రచారానికి వచ్చిన చందాల ఊసే ఉండదు.

ఆయనకు కావాల్సింది వేరే కాగితం. దాని పేరు "ఎన్నికల ఖర్చుల లెక్క". గెలిచినా ఓడినా ప్రతి అభ్యర్థీ ఫలితం వెలువడిన 30 రోజుల్లోపు దీన్ని జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హత వేయవచ్చు. లెక్క అందిన రెండు రోజుల్లో, దాన్ని ఎక్కడ, ఏ వేళల్లో చూడవచ్చో నోటీసు బోర్డు మీద అంటించాలి. చూడడానికి ఫీజు ఒక్క రూపాయి. పొరపాటు కాదు, ఒక్క రూపాయే. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం అది. "ఎవరైనా" చూడవచ్చని ఉంది కాబట్టి మీరు ఏ పార్టీ, ఎందుకు అని అడిగితే జవాబు చెప్పి తీరాల్సిన పని లేదు.

ఎక్కడికి వెళ్లాలి? అసెంబ్లీ అభ్యర్థిదైతే మీ జిల్లా కలెక్టరేట్‌లోని ఎన్నికల సెక్షన్. బరంపురం వాళ్లు గుర్తుపెట్టుకోండి, గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం. గుణుపురం వాళ్లకు రాయగడ, జయపురం వాళ్లకు కొరాపుట్. ఎంపీ అభ్యర్థిదైతే లెక్క మామూలుగా ఆ స్థానం రిటర్నింగ్ అధికారి (అక్కడ ఎన్నిక నడిపే అధికారి) ఉన్న జిల్లాలో ఉంటుంది. పర్లాకిమిడి ఉన్నది గజపతి జిల్లాలో, కానీ లోక్‌సభకు బరంపురం స్థానం కిందికి వస్తుంది. అందుకే బస్సెక్కే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోండి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో స్కాన్ కాపీలు పెడుతుంటారు, ముందు అక్కడ వెతికితే ప్రయాణమే తప్పవచ్చు. సర్పంచి, వార్డు ఎన్నికల లెక్కలు మాత్రం ఈ దారిలో రావు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం పరిధిలోవి.

దరఖాస్తు తెల్ల కాగితం మీద చాలు. తెలుగులో రాస్తే పక్కన పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ రాయించండి. అభ్యర్థి పేరు, నియోజకవర్గం, ఎన్నిక సంవత్సరం, మీ చిరునామా, సంతకం. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు.

తప్పు జరిగేది తర్వాతి వాక్యంలో. చాలామంది "ఖర్చు లెక్క కాపీ ఇప్పించగలరు" అని రాసి ఊరుకుంటారు. అప్పుడు చేతికొచ్చేది సంక్షిప్త ప్రకటన ముందు పేజీలు మాత్రమే: మొత్తం ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది. ఎవరిచ్చారన్నది అందులో కనబడదు. అది వెనక ఉండే షెడ్యూళ్లలో ఉంటుంది. సొంత డబ్బు ఎంత, పార్టీ ఇచ్చింది ఎంత, ఇతర వ్యక్తులు, కంపెనీలు ఇచ్చింది ఎంత అని విడివిడిగా. కాబట్టి "సంక్షిప్త ప్రకటన, అన్ని షెడ్యూళ్లు, రోజువారీ రిజిస్టరు, నగదు రిజిస్టరు, బ్యాంకు రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంట్, వోచర్లు" అని పేరుపేరునా రాయండి. ముందు రూపాయి కట్టి కూర్చుని చూసి, కావాల్సిన పేజీలకే కాపీ అడగడం ఇంకా మేలు. కాపీలకు వేరే ఫీజు ఉంటుంది, దాన్ని నిర్ణయించేది ఎన్నికల సంఘం. రసీదు లేకుండా కట్టకండి.

చూసేటప్పుడు రెండు అంకెలు గుర్తుంచుకోండి. 2024లో ఒడిశాలో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. అసలు ఖర్చు సంగతి టెంటు, జీపుల బిల్లుల్లోనే ఎక్కువగా తెలుస్తుంది.

కౌంటరులో "ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెట్టుకోండి" అంటారు. కోపం తెచ్చుకోవద్దు, చాలాసార్లు ఆ గుమస్తాకు ఈ నియమం నిజంగానే తెలియదు. దరఖాస్తు పైన "88వ నియమం కింద" అని రాసి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అప్పటికీ పని కాకపోతేనే ఆర్‌టీఐ. ఒడిశాలో దానికి ఫారం-ఎ, పది రూపాయల ఫీజు, గుర్తింపు కార్డు కాపీ కావాలి. జవాబుకు 30 రోజుల గడువు.

ఆ 30 రోజులే కొందరి కొంప ముంచుతాయి. పరిమితి దాటి ఖర్చు పెట్టారని హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలంటే ఫలితం నుంచి 45 రోజులే గడువు. అభ్యర్థి చివరి రోజున లెక్క ఇచ్చాడనుకోండి, మీ చేతిలో మిగిలేది పదిహేను రోజులు. 2024లో ఫలితాలు జూన్ 4న వచ్చాయి. లెక్కకు గడువు జులై 4, పిటిషన్‌కు జులై 19. ఇలాంటప్పుడు ఆర్‌టీఐ జవాబు కోసం కూర్చుంటే గడువు దాటిపోయినట్టే. కోర్టు ఆలోచన లేనివాళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు.

పార్టీకి వచ్చిన చందాల కోసం కలెక్టరేట్‌కు పోకండి. 20 వేలు దాటిన చందాల వివరాలు పార్టీలు ఎన్నికల సంఘానికి ఇస్తాయి, అవి సంఘం వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసిన ఎన్నికల బాండ్ల పథకం (పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఏర్పాటు) కింద బాండ్లు కొన్నవారి జాబితా కూడా అక్కడే దొరుకుతుంది.

కాపీలు తీసుకునేటప్పుడు ప్రతి పేజీ మీదా ధ్రువీకరణ ముద్ర, సంతకం ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక్క పేజీకి తగ్గినా మళ్లీ ఛత్రపురం బస్సే.