రోడ్ బైక్ పార్టులు: కొత్త మిడ్ రేంజా, సెకండ్ హ్యాండ్ హై ఎండా? ఎలా తేల్చుకోవాలి?

చేతిలో ఉన్న డబ్బుకి రెండు రకాలు దొరుకుతుంటాయి. ఒకటి, ఇంకా డబ్బా కూడా తెరవని కొత్త షిమానో 105, అంటే షిమానో కంపెనీ మిడ్ రేంజ్ సెట్. రెండోది, ఎవరో కొన్నేళ్ళు తొక్కి అమ్మకానికి పెట్టిన అల్టెగ్రాయో డ్యూరా-ఏసో, అంటే అదే కంపెనీ పై శ్రేణి సెట్లు. పేరు చూడగానే మనసు రెండోదాని మీదకే పోతుంది. కానీ నా మాట వినండి, ఈ ప్రశ్నని మొత్తం గ్రూప్‌సెట్‌కి (గేర్లు, బ్రేకులు, చైన్ అన్నీ కలిసిన సెట్) కలిపి వేసుకోకండి, ఒక్కో పార్టుకి విడివిడిగా వేసుకోండి. సైకిల్‌కి ఉండే పార్టుల్లో కొన్ని తొక్కేకొద్దీ అరిగిపోయేవే, వాటి మీద ఎంత పెద్ద పేరున్నా ఎవరో వాడేసిన జీవితాన్ని మీరు డబ్బిచ్చి కొంటున్నట్టే. కొన్ని మాత్రం సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి అలాగే పనిచేస్తాయి, సెకండ్ హ్యాండ్‌లో అసలైన లాభం అక్కడే.

1. ముందు మీ బైక్‌లో ఏముందో రాసుకోండి

వెనక ఎన్ని స్పీడ్‌లు, రిమ్ బ్రేకా డిస్క్ బ్రేకా, వెనక చక్రానికి ఏ రకం ఫ్రీహబ్ (క్యాసెట్, అంటే వెనక గేర్ పళ్ళ చక్రాల గుత్తి, బిగించే భాగం) ఉంది, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే బేరింగ్ భాగం) మర ఉన్నదా లేక నొక్కి బిగించేదా. ఈ నాలుగూ తెలియకుండా బేరాలు చూడటం మొదలుపెడితే, చవకగా దొరికింది కదా అని కొన్న పార్టు ఇంట్లో మూల పడి ఉంటుంది. 10 స్పీడ్ కాలం నాటి షిమానో ఫ్రీహబ్ మీద 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ మామూలుగా పట్టదు, 11 స్పీడ్‌ది 1.8 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ. అదే షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్ అయితే 11 స్పీడ్ ఫ్రీహబ్ మీద కూర్చుంటుంది. ఇంకో కంపెనీ స్రామ్‌ది, 10 పళ్ళతో మొదలయ్యే 12 స్పీడ్ క్యాసెట్‌కి ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం ఫ్రీహబ్ బాడీయే కావాలి. స్పీడ్‌ల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన కలుస్తాయని కూడా అనుకోవద్దు: షిమానోలోనే 105 కింది శ్రేణి టియాగ్రా 4700 కూడా 10 స్పీడే, పాత అల్టెగ్రా 6700 కూడా 10 స్పీడే, కానీ కేబుల్ లాగే కొలత వేరు కాబట్టి ఒకదాని షిఫ్టర్ (గేర్ మార్చే లివర్) ఇంకోదాని డిరైలర్‌తో (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) సరిగ్గా పనిచేయదు.

2. పేరు చూడకండి, ఏ తరానిదో చూడండి

షిమానో పైన తెచ్చిన డిజైన్‌ని కొంతకాలానికి కిందకి దింపుతుంది. అల్టెగ్రా ఆర్8000 2017లో వస్తే, దాదాపు అదే రూపంతో 105 ఆర్7000 మరుసటి ఏడాదే వచ్చింది. రెండు క్రాంక్‌ల (పెడల్ చేతులు, ముందు పళ్ళ చక్రాలు కలిపి) బరువులో తేడా సుమారు 40 గ్రాములు. గేర్ మారే తీరులో తేడా కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళు తక్కువే అని నా నమ్మకం. కాబట్టి ఒకే తరంలో అల్టెగ్రా కోసం వాడినదాన్ని తీసుకుంటే మీకు దక్కేది కొంచెం తక్కువ బరువు, కొంచెం మెరుగైన ఫినిషింగ్. రెండు తరాల పాత అల్టెగ్రాకీ కొత్త 105కీ మధ్య అయితే నేను ఆలోచించకుండా 105 తీసుకుంటాను.

ఇంకో విషయం చాలామంది గమనించరు. 2021లో వచ్చిన 12 స్పీడ్ డ్యూరా-ఏస్, అల్టెగ్రా రెండూ ఎలక్ట్రానిక్‌వే (కేబుల్ బదులు బ్యాటరీతో గేర్ మారేవి). 12 స్పీడ్ 105 మాత్రం 2022లో ఎలక్ట్రానిక్‌గా, 2023లో కేబుల్‌తో కూడా వచ్చింది. షిమానోలో కేబుల్‌తో 12 స్పీడ్ కావాలనుకుంటే ఆ తరంలో 105ని మించింది లేదు, వెతుక్కుంటూ టైమ్ పాడుచేసుకోవద్దు.

3. పార్టులని విడగొట్టండి

చైన్, క్యాసెట్, బ్రేక్ ప్యాడ్‌లు, కేబుల్స్, బాటమ్ బ్రాకెట్ బేరింగ్‌లు ఎప్పుడూ కొత్తవే. వీటిలో మిడ్ రేంజ్‌వి చక్కగా సరిపోతాయి. కార్బన్ హ్యాండిల్‌బార్ కూడా కొత్తదే కొనండి. అది ఒకసారి పడ్డాక లోపల పొరలు దెబ్బతిన్నా పైకి గీత కూడా కనపడకపోవచ్చు, విరిగినప్పుడు మాత్రం ముఖం మీదే పడతారు.

ధైర్యంగా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోదగ్గవి ముందు, వెనక డిరైలర్లు, రిమ్ బ్రేక్ కాలిపర్లు, అల్యూమినియం స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ని పట్టి ఉంచేది), మంచి హబ్‌లు (చక్రం మధ్య భాగం). వీటిలో హై ఎండ్‌కీ మిడ్ రేంజ్‌కీ తేడా నిజంగా ఉంటుంది, అరుగుదలా తక్కువే, లోపం ఉంటే కంటికీ చేతికీ దొరుకుతుంది.

షిఫ్టర్లు, క్రాంక్, చక్రాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. వీటిని చూడకుండా కొనొద్దు.

4. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

అమ్మే మనిషి చైన్‌తో సహా ఇస్తుంటే, ముందు ఆ చైన్‌నే కొలవండి. అది వాడటానికి కాదు, మిగతా పార్టుల సంగతి అదే చెబుతుంది. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి 24 లింకుల తర్వాతి పిన్ను వరకు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది ఒకటిన్నర మిల్లీమీటరు జరిగిందంటే అరుగుదల 0.5 శాతం, 11, 12 స్పీడ్ చైన్ మార్చాల్సిన హద్దు అదే. అంతకు బాగా మించి సాగిన చైన్‌తో తిరిగిందంటే క్యాసెట్ దాదాపు పోయినట్టే, చైన్‌రింగ్‌లు (ముందు పళ్ళ చక్రాలు) కూడా అనుమానమే, పళ్ళు ఒక పక్కకి వంగి మొనదేలి ఉన్నాయేమో చూడండి.

వెనక డిరైలర్‌ని పట్టుకుని కేజ్‌ని (రోలర్లు ఉండే చట్రం) పక్కలకి ఊపండి. చిన్న చిన్న రోలర్ చక్రాలు అరిగితే ఫరవాలేదు, తక్కువ ఖర్చుతో మారతాయి, కీళ్ళ దగ్గర లూజు ఉంటే మాత్రం వదిలేయండి.

షిఫ్టర్ దగ్గర తొందరపడొద్దు. బైక్ స్టాండ్ మీద ఉండగానే ప్రతి గేర్‌కీ పైకి కిందకి చాలాసార్లు మార్చండి, ఏ ఒక్క క్లిక్ మెత్తగా అనిపించినా, రెండుసార్లు నొక్కాల్సి వచ్చినా వద్దనండి. కేబుల్‌తో నడిచే షిమానో 11 స్పీడ్ షిఫ్టర్లలో గేర్ కేబుల్ లివర్ లోపలే పోగులు పోగులుగా తెగుతుంది, ఆ ముక్కలు లోపల ఇరుక్కుంటే మొత్తం షిఫ్టర్ పనే ఆగిపోతుంది. షిమానోది లోపల విప్పి బాగుచేసుకునేలా ఉండదు. కేబుల్ చివరిసారి ఎప్పుడు మార్చారో తప్పకుండా అడగండి. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) బ్రేక్ అయితే షిఫ్టర్ మీది రబ్బరు హుడ్ తీసి చూడండి, నూనె తడి ఉండకూడదు.

రిమ్ బ్రేక్ చక్రం అయితే బ్రేక్ ప్యాడ్ తగిలే చోట స్కేల్ అడ్డంగా ఆనించండి. స్కేల్ కింద వెలుతురు కనిపిస్తే ఆ రిమ్ లోపలికి అరిగిపోయింది, హబ్ ఎంత గొప్పదైనా కొత్త రిమ్ వేసి అల్లించాలి. షిమానో డిస్క్ రోటర్ మందం కొత్తగా 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వచ్చిందంటే పని అయిపోయింది.

ఇక క్రాంక్. ఇది ఎవరికైనా గట్టిగా చెప్పాలనిపించే విషయం. 2023 సెప్టెంబరులో షిమానో తన అల్టెగ్రా 6800, ఆర్8000, డ్యూరా-ఏస్ 9000, ఆర్9100, పవర్ మీటర్ (తొక్కే బలాన్ని కొలిచేది) ఉన్న ఆర్9100-పీ క్రాంక్‌లని తనిఖీకి పిలిచింది. రెండు భాగాలని జిగురుతో అతికించి చేసిన ఆ క్రాంక్ చేతులు విడిపోతున్నాయన్నది కారణం. 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైనవి ఈ జాబితాలో ఉన్నాయి, విడిపోయిన ఘటనలు 4,519 నమోదయ్యాయి. క్రాంక్ చేతి లోపలి వైపు రెండు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని షిమానో జాబితాతో పోల్చి చూడాలి. తనిఖీ అయిందని కాగితం చూపించలేకపోతే ఆ క్రాంక్ వద్దు. ఆ జాబితాలో 105 క్రాంక్ లేదు, బరువు కొంచెం ఎక్కువైనా నేను మనశ్శాంతిగా తొక్కేది దానిమీదే.

5. ఎలక్ట్రానిక్ అయితే ఇంకొంచెం జాగ్రత్త

షిమానో ఎలక్ట్రానిక్ గేర్లైన డీఐ2లో 11 స్పీడ్‌వీ 12 స్పీడ్‌వీ కలిపి వాడలేరు, వైర్లు కూడా వేరు. స్రామ్‌లో కొంత సుఖం: దాని 12 స్పీడ్ ఎలక్ట్రానిక్ గేర్లైన ఏఎక్స్‌ఎస్‌లో రైవల్, ఫోర్స్, రెడ్ అనే మూడు శ్రేణులూ ఒకదానితో ఒకటి పనిచేస్తాయి, కాబట్టి కొత్త రైవల్ షిఫ్టర్లకి వాడిన ఫోర్స్ డిరైలర్ జత చేసుకోవచ్చు. బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయించి, యాప్‌లో కనెక్ట్ అవుతుందో లేదో మీ ముందే చూపించమనండి.

6. అసలు ఖర్చు లెక్క కట్టండి

వాడిన గ్రూప్‌సెట్ ధరకి కొత్త చైన్, క్యాసెట్, ప్యాడ్‌లు, కేబుల్స్, బాటమ్ బ్రాకెట్, బిగింపు కూలీ అన్నీ కలపండి. ఆ మొత్తాన్ని కొత్త మిడ్ రేంజ్ సెట్ ధర పక్కన పెట్టండి. వారంటీ మామూలుగా మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తుంది, అంటే రెండో చేతికి వచ్చాక ఏం జరిగినా భారం మీదే, అందుకే కనీసం మూడో వంతైనా మిగలకపోతే నేను కొత్తదే కొంటాను. కొనుగోలు రసీదు లేకుండా అనుమానంగా చవకగా ఇస్తుంటే దొంగ సొత్తు కావచ్చు, అక్కడితో మాటలు ఆపేయండి.

కొన్నాక మొదటి కొన్ని రైడ్‌లు ఇంటికి దగ్గరలోనే తొక్కండి, స్టెమ్ బోల్టులూ క్రాంక్ బోల్టులూ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే రెంచ్) మళ్ళీ చూసుకోండి. కొత్త చైన్, కొత్త క్యాసెట్ వేశాక కూడా ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైన్ జారుతుంటే చైన్‌రింగ్ అరిగినట్టు, డిరైలర్‌ని తిప్పుతూ కూర్చోకుండా నేరుగా చైన్‌రింగ్ మార్చేయండి.