ఫ్రెంచ్ ఆనియన్ సూప్ ఇంట్లో చేయాలంటే

ఫ్రెంచ్ వంట అంటే మనవాళ్ళకి ఎందుకో భయం గానీ ఈ సూప్‌లో ముఖ్యంగా ఉండేది ఉల్లిపాయలే అండి, పారిస్‌లో లే ఆల్ అని పెద్ద మార్కెట్ ఉండేది, 1969లో దాన్ని ఊరి బయటికి మార్చేశారు, అక్కడ రాత్రంతా సరుకు మోసే కూలీలు తాగిన సూప్ ఇది.

నలుగురికి కిలో ఉల్లిపాయలు నిలువుగా సన్నగా కోసుకోండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో 50 గ్రాముల బటర్, చెంచా నూనె, ఉల్లిపాయలు, అర చెంచా ఉప్పు వేసి మూతపెట్టి పావుగంట వదిలేయండి, నీళ్ళు వదుల్తాయి. తర్వాత మూత తీసి సిమ్ కంటే కొంచెం ఎక్కువ మంట మీద ముప్పావుగంట నుంచి గంట. అందరూ తొందరపడేది ఇక్కడే. బిర్యానీకి వేయించినట్టు పెద్ద మంట పెట్టి ఎర్రగా కరకరలాడిస్తే సూప్ చేదెక్కుతుంది, ఇవి మెత్తగా దగ్గరపడి ముదురు గోధుమ రంగుకి రావాలి. అడుగున పొర అంటుకుంటుంటే మాడిపోయిందని కంగారు పడకండి, రెండు చెంచాల నీళ్ళు చల్లి చెక్క గరిటతో గీకి కలిపేయండి, రంగూ రుచీ అందులోనే ఉంది, ఇలా మూడు నాలుగు సార్లు చేయాల్సొస్తుంది. త్వరగా అవుతుందని కొందరు వంటసోడా వేస్తారు, రంగు వస్తుంది నిజమే గానీ ముక్క గుజ్జైపోతుంది, నేనైతే వద్దంటా.

ఇప్పుడు చెంచా మైదా వేసి నిమిషం కలిపి, 150 మిల్లీలీటర్ల వైట్ వైన్ పోసి ఇగరనివ్వండి. వైన్ వద్దనుకుంటే దించేముందు కొంచెం వెనిగర్ చాలు. లీటరుంపావు స్టాక్, అంటే ఎముకలో కూరగాయలో ఉడికించి వడగట్టిన నీళ్ళు, పోసి అరగంట మరగాలి. ఫ్రాన్స్‌లో బీఫ్ స్టాక్ వాడతారు, చికెన్‌ది బానే ఉంటుంది, వెజ్ వాళ్ళు ఎండు పుట్టగొడుగులు ఉడికించిన నీళ్ళు పోసుకోవచ్చు. థైమ్ అనే సువాసన ఆకు ఉంటే వేయండి, మన బిర్యానీ ఆకు మాత్రం వద్దు, దాల్చినచెక్క వాసనొస్తుంది.

నిన్నటి బాగెట్ (పొడుగాటి ఫ్రెంచ్ బ్రెడ్) ముక్కలు కాల్చి సూప్ మీద పెట్టి గ్రుయేర్ చీజ్ తురిమి ఓవెన్ గ్రిల్‌లో మూడు నాలుగు నిమిషాలు. గ్రుయేర్ ఖరీదు కాబట్టి మోజరెల్లాలో కాస్త పార్మేజాన్ కలపండి, ఉత్త మోజరెల్లా సాగుతుందే గానీ రుచుండదు. ఓవెన్‌కి పనికొచ్చే గిన్నెలు లేకపోతే బ్రెడ్ మీదే చీజ్ వేసి పెనం మీద మూతపెట్టి కరిగించి సూప్‌లో వేసేయండి.